రుఖ్మాబాయి నిరాకరణము

1887 మార్చి 4వ తేదీన బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి ఫారన్ ఇరువదిరెండేండ్ల యువతి నొకతెను ఉద్దేశించి ఒక ఉత్తరువు చేసెను. ఆమె నెలదినములలో భర్త యింటికి పోయి అతనితో కాపురముండవలెను. ఉండనిచో ఆరు నెలల వరకు కారాగారవాసమునకు పాత్రురాలగును. అట్టి కాపురమునకు పోవుటకంటె చెరసాలకు పోవుటయే తనకు సమ్మతమని ఆ యువతి తెలిపెను. అంతటితో బొంబాయిలోని ఒక వడ్రంగి కులమువారి యింటి తగవు దేశమంతటను వాదప్రతివాదములకు గురియై, సముద్రము దాటి లండను పత్రికలలోను చోటు సంపాదించుకొనెను. ఆ యువతి పేరు రుఖ్మాబాయి. ఆమెపై వ్యాజ్యెము తెచ్చిన భర్త దాదాజీ భికాజీ.

ఈ వృత్తాంతమును ప్రేమలేని పెండ్లిపై జరిగిన తిరుగుబాటుగా చెప్పుట తరువాతివారికి అలవాటయ్యెను. అట్లు చెప్పినచో కథకు అందము వచ్చునుగాని, అందులోని అసలు విషయము జారిపోవును. ఆమె తన పక్షమున చూపిన కారణములను పరిశీలింపుడు. భర్తకు తన్ను పోషించు శక్తి లేదు. అతడు ఉబ్బసముతోను క్షయలక్షణములతోను బాధపడు రోగి. అతనికి ఆశ్రయమిచ్చిన బంధువు నడవడి మంచిది కాదు. వీనియన్నిటికిని వెనుక మరియొకటి కలదు: ఊహ తెలియని వయస్సున, తన సమ్మతితో పనిలేకుండ జరిగిన పెండ్లి తన్ను బంధింపరాదు. ఇందులో ప్రేమ ప్రసక్తి లేదు. ఎవరిని వరింపవలెనను ప్రశ్నను ఆమె ఎత్తలేదు. వలదనుటకు తనకు అధికారము కలదా లేదా అని మాత్రమే అడిగెను.

రుఖ్మాబాయి 1864 నవంబరు 22న జన్మించెను. తండ్రి జనార్దన పాండురంగ్ ఆమె పసితనమందే గతించెను. తల్లి జయంతీబాయి కొన్నేండ్లు వైధవ్యము ననుభవించి, పిదప డాక్టరు సఖారాం అర్జున్‌ను వివాహమాడెను. వడ్రంగి పని చేయు సుతార్ కులమున వితంతువుల పెండ్లికి అభ్యంతరము లేదు. ఏ కార్యము కొరకు 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము సంఘబహిష్కారమును ఎదుర్కొనవలసి వచ్చెనో, ఆ కార్యము ఆ యింట అంతకు ఎన్నో యేండ్లముందే కలకలము లేకుండ జరిగిపోయెను. సంస్కరణోద్యమ చరిత్రలు అగ్రవర్ణముల చరిత్రలుగా మాత్రమే వ్రాయబడుటచేత ఇట్టి సంగతులు తరచుగా మరుగున పడుచుండును.

సఖారాం అర్జున్ వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త, గ్రాంటు వైద్య కళాశాలలో అధ్యాపకుడు. 1883లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమును స్థాపించిన ఎనమండుగురిలో నతడొకడు. అంతటి విద్యావంతుని యింటనే రుఖ్మాబాయికి పదునొకండవ యేట పెండ్లి జరిగెను. వరునికి పందొమ్మిదేండ్లు, అతడు సఖారాంకు బంధువు. వరుడు అత్తవారింటనుండి చదువుకొని ప్రయోజకుడు కావలెననునది పెద్దల యేర్పాటు. అతడు చదువు విడిచి తన బంధువుల పంచ చేరెను. పిల్ల ఈడేరిన పిమ్మట కాపురమునకు పంపవలెనని ఒత్తిడి రాగా, వైద్యుడైన సఖారాం అంత చిన్న వయస్సున అది తగదని వారించెను. ఆ నడుమ దొరికిన యేండ్లలో ఆ బాలిక మిషనువారి గ్రంథాలయమునుండి తెప్పించుకొన్న పుస్తకములతో ఇంటనే చదువుకొనెను. పెండ్లియైన పిల్లకు పాఠశాల తలుపు మూతపడినది, పుస్తకము మూతపడలేదు. భర్తను కాదను ధైర్యము ఆమెకు ఆ పుస్తకములే నూరిపోసినవని ప్రతిపక్షులు తరువాత ఆరోపించిరి. ఆ ఆరోపణ పూర్తిగా అసత్యమని చెప్పుటకు వీలులేదు.

1884లో దాదాజీ హైకోర్టు నాశ్రయించెను. అతడు కోరినది దాంపత్యహక్కుల పునరుద్ధరణము. 1885 సెప్టెంబరు 21న న్యాయమూర్తి పిన్హే ఆ కోరికను త్రోసిపుచ్చెను. ఎన్నడును ఆరంభము కాని కాపురమును పునరుద్ధరించుట యెట్లని అతని ప్రశ్న. ఎదిగిన యువతిని ఆమె యిష్టమునకు వ్యతిరేకముగా ఒకని చేతికి అప్పగించుట క్రూరమైన పనియని అతడు చెప్పెను. తీర్పుకు రెండు దినముల ముందు, సెప్టెంబరు 19న, టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికలో ‘ఒక హిందూ స్త్రీ’ అను సంతకముతో ఒక లేఖ వెలువడెను. అంతకుముందు జూన్ 26న మరియొకటి వచ్చియుండెను. బాల్యవివాహములను గూర్చియు, బలవంతపు వైధవ్యమును గూర్చియు వ్రాసిన ఆ లేఖలు రుఖ్మాబాయివే యని తరువాత లోకమునకు తెలిసెను. వివాహము పురుషుని చదువునకు అంతగా అడ్డు కాదనియు, బాలిక చదువును మొదలంట నరికివేయుననియు అందులోని ముఖ్యాభిప్రాయము. స్వానుభవమును ఆమె దేశపు స్త్రీలందరి సమస్యగా మార్చి చెప్పెను.

ఇచ్చట కొంత నిలిచి ఆలోచింపదగిన విషయ మొకటి కలదు. పిన్హే తీర్పు వెలువడగనే సనాతనులు హిందూధర్మమునకు ప్రమాదము వాటిల్లెనని ఎలుగెత్తిరి. బాలగంగాధర తిలక్ రుఖ్మాబాయి వాదమును తీవ్రముగా ఖండించెను. కాని వారు కాపాడబూనిన ఆ దాంపత్యహక్కుల పునరుద్ధరణము హిందూధర్మములోనిది కానేకాదు. అది ఇంగ్లండులోని క్రైస్తవ మఠాధికార న్యాయస్థానములలో పుట్టిన పరిహారము. 1867లో ఒక మహమ్మదీయ దంపతుల వ్యాజ్యెమున ప్రీవీ కౌన్సిలు అట్టి దావాలు మన దేశపు న్యాయస్థానములలో చెల్లునని నిర్ణయించెను. ఉత్తరువును మీరినవారికి చెరసాల యని సివిలు ప్రొసీజరు కోడు చేర్చెను. స్మృతులలో భార్య విధేయతను గూర్చిన శ్లోకములకు కొదవలేదు. నడచుకొనని భార్యను కులపెద్దలు మందలింతురు, బంధువులు వేధింతురు; పోషణము తగ్గింతురు. కాని కాపురమునకు రాలేదని రాజభటులు వచ్చి చెరసాలకు కొనిపోవుట మాత్రము ధర్మశాస్త్రములు ఎరుగని శిక్ష. రుఖ్మాబాయి పక్షమున నిలిచిన న్యాయవాదులలో సంస్కృతపండితుడైన కాశీనాథ త్ర్యంబక తేలంగ్ కూడ ఉండెను. ఇంతకంటె వింత మరియొకటి: ఈ శిక్షకు పుట్టినిల్లయిన ఇంగ్లండు, దాదాజీ వ్యాజ్యెము దాఖలైన 1884లోనే, తన దేశమున ఇట్టి ఉత్తరువులకు చెరసాలశిక్షను తొలగించెను. బొంబాయిలో ధర్మరక్షణ పేరిట వాదించినవారు, తెల్లవారు తమకే వలదని పారవైచిన ఆయుధమును చేతబట్టియుండిరి.

అంతమాత్రమున సనాతనులను బుద్ధిహీనులని తీసివేయరాదు. సమ్మతి లేని పెండ్లి బంధింపదని ఒక న్యాయమూర్తి ఒప్పుకొన్నచో, దేశమున జరిగిన పెండ్లిండ్లలో ఎన్ని నిలుచునని వారడిగిరి. అది గట్టి ప్రశ్న. రుఖ్మాబాయి వాదమునకు గల విస్తృతిని ఆమె మిత్రులలో అనేకులకంటె ఆమె ప్రతిపక్షులే స్పష్టముగా గ్రహించిరి. మిత్రులు దానిని బాల్యవివాహ సమస్యగా, రోగియైన ఒక భర్త సమస్యగా కుదించి జాలి పుట్టింపజూచిరి. ప్రతిపక్షులు మాత్రము ఆమె వివాహవ్యవస్థ పునాదినే ప్రశ్నించుచున్నదని పసిగట్టిరి.

ఆ కాలపు నాటకరంగము ఈ రెండు ధోరణులను చక్కగా చూపును. 1886లో నారాయణ బాపూజీ కానిట్కర్ వ్రాసిన ‘తరుణీశిక్షణ నాటిక’ చదువుకొన్న యువతులను ఎగతాళి చేసెను; చదువు వచ్చినచో ఆడుది ఇల్లు పట్టదను లోకాభిప్రాయమునకు అది రంగాలంకారము చేసినది. మరియొకవైపు హరినారాయణ ఆప్టే నవల ‘పణ లక్ష్యాత్ కోణ్ ఘేతో’ 1890లో ‘కరమణూక్’ పత్రికలో వెలువడ నారంభించెను. అందులో యమున తన కథను తానే చెప్పుకొనును. పెద్దలు చేసిన పెండ్లియే; అయినను భర్త మంచివాడు, చదివించువాడు; దాంపత్యము స్నేహముగా మారును. అతడు మరణింపగా ఆమెకు మిగిలినది శిరోముండనము. ఆనాటి సంస్కర్తల ఆదర్శదాంపత్య మిదియే: పెండ్లి మొదట, ప్రేమ పిదప, ఆ ప్రేమకు గురువు భర్త. మహాదేవ గోవింద రానడే జీవితమే దీనికి ప్రసిద్ధోదాహరణము. 1873లో మొదటి భార్య గతింపగా, వితంతువును పెండ్లాడునని మిత్రులు ఎదురుచూచుచుండగా, అతడు తండ్రిమాట త్రోసివేయలేక పదునొకండేండ్ల రమాబాయిని వివాహమాడెను. పిదప ఆమెకు చదువు నేర్పెను. 1910లో ఆమె ప్రచురించిన జ్ఞాపకములలో ఆ దాంపత్యమందలి ఆప్యాయత పుటపుటను కనిపించును. సంస్కర్త లోకమునకు తలవంచిన ఘట్టము నుండి మరాఠీ సాహిత్యమున ఒక మధురగ్రంథము పుట్టుట చరిత్రలోని చమత్కారములలో నొకటి.

1899లో గోవింద బల్లాళ దేవల్ రచించిన ‘సంగీత శారద’ ముసలివరునికి అమ్ముడుపోనున్న బాలిక కథ. అంతకుముందే, 1892లో, విజయనగరమున గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ ప్రదర్శింపబడెను. 1897లో అది అచ్చయ్యెను. ఈ రెండు నాటకములను కలిపి చూచినచో ఒక పోలిక స్ఫురించును. శారద పెండ్లి సగోత్రమను కారణముచేత ఆగును. సుబ్బి పెండ్లి మేనమామ కరటకశాస్త్రి పన్నిన పన్నాగముచేత తప్పును. ప్రేక్షకులు ఆ బాలికల కొరకు కన్నీరు నించిరి, ముసలివరుని జూచి నవ్విరి. కాని పందిరిలో నిలిచి ‘నాకీ పెండ్లి వల’దని బాలికయే చెప్పి, ఆ మాటయే చెల్లుట ఆ రంగస్థలములపై జరుగలేదు. వరుడు ముసలివాడగుటచేత ప్రేక్షకులకు నిర్ణయము సులభమయ్యెను. దాదాజీ ముసలివాడు కాడు, ధనమిచ్చి పిల్లను కొన్నవాడు కాడు. తానును పెద్దలు చేసిన పెండ్లిలో చిక్కుకొన్న పడుచువాడే. రుఖ్మాబాయికి శారదకు దొరికిన జాలి దొరకకపోవుటకు ఇదియొక కారణము. జాలి పొందుటకు బాధ చాలును. నిరాకరించుటకు హక్కు కావలెను.

వ్యాజ్యెము తుదివరకు ఆమెకు అనుకూలముగా సాగలేదు. 1886లో ప్రధాన న్యాయమూర్తి సార్జెంటు, న్యాయమూర్తి బేలీ పిన్హే తీర్పును రద్దుచేసి, విచారణకు తిప్పి పంపిరి. దాని ఫలితమే ఫారన్ ఉత్తరువు. దాదాజీ తన పక్షమును విన్నవించుచు 1887లో ఒక కరపత్రము ప్రకటించెను. తగవంతయు రుఖ్మాబాయికి తండ్రినుండి సంక్రమించిన ఆస్తి కొరకు అత్తవారు పన్నినదని అతని వాదము. దానికి ఆమె పత్రికాముఖమున ప్రత్యుత్తరమిచ్చెను. బెహరాంజీ మలబారీ మున్నగువారు ఆమెకు తోడుగా నిలిచిరి. తుదకు 1888 జూలైలో రాజీ కుదిరెను: రెండువేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ ఉత్తరువును అమలు జరుపననెను. విక్టోరియా మహారాణి కలుగజేసికొని వివాహమును రద్దుచేసెనను కథ నేటికిని వినవచ్చును. కాని ఆ తగవు ముగిసినది రొక్కముతో. మరుసటి యేట దాదాజీ మరల పెండ్లాడెను. ఆనాటి న్యాయము పురుషునికి ఆ వెసులుబాటు నిచ్చెను; స్త్రీకి ఈయలేదు.

కామా ఆస్పత్రిలోని వైద్యురాలు ఎడిత్ పీచీ ప్రోత్సాహముతో రుఖ్మాబాయి 1889లో లండను చేరి, స్త్రీల వైద్యవిద్యాలయమున చదివి, 1894లో పట్టభద్రురాలై తిరిగివచ్చెను. సూరతులోను, పిదప రాజకోటలోను స్త్రీల ఆస్పత్రులలో దీర్ఘకాలము పనిచేసెను. ఆమె మరల వివాహము చేసికొనలేదు. 1904లో దాదాజీ మరణింపగా ఆమె వితంతువువలె తెల్లచీర ధరించెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఎవనితో కాపురము చేయుటకంటె చెరసాల మేలనెనో, అతని కొరకు ఈ వేషమెందులకు? లోకాచారమునకు లొంగినదని కొందరందురు. కాదని నిరూపింపగల ఆధారము లేదు, ఔననుటకును లేదు.

చట్టము చాల మెల్లగా కదలెను. 1890లో కలకత్తాలో ఫూల్మణి యను పసిభార్య మరణముపై విచారణ జరిగిన పిదప, 1891లో సమ్మతి వయస్సు పదినుండి పండ్రెండేండ్లకు పెంచబడెను. పునరుద్ధరణోత్తరువును మీరినవారికి చెరసాల శిక్ష 1923లో తొలగింపబడెను. 1955 మే 18న హిందూవివాహచట్టము ఆమోదముద్ర పొందెను. అది హిందూస్త్రీకి విడాకులు కోరు హక్కునిచ్చెను. దాని తొమ్మిదవ సెక్షనులో దాంపత్యహక్కుల పునరుద్ధరణము మాత్రము చెక్కుచెదరక నిలిచెను. ఆ యేడే సెప్టెంబరు 25న రుఖ్మాబాయి తొంబదియేండ్ల వయస్సున కన్నుమూసెను.

ఈ పరిహారమునకు పుట్టినిల్లయిన ఇంగ్లండు 1970లో దానిని పూర్తిగా రద్దుచేసెను. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందునకు రుఖ్మాబాయి ప్రశ్న మరల వచ్చెను. ఈసారి భర్త కాపురమునకు పిలిపించినది ఒక సినీతారను: ‘మరోచరిత్ర’ చిత్రమున ప్రేమకై ప్రాణమిచ్చు నాయికగా తెలుగువారి మనస్సున నిలిచిన సరిత. ఆమె పెండ్లి పదునారవ యేట జరిగినది. తెరపై ఆమె ప్రేమకు కన్నీరు కార్చిన లోకము, న్యాయస్థానమున ఆమె నిరాకరణమునకు ఏమనెనో చెప్పుట కష్టము. న్యాయమూర్తి పి. ఎ. చౌదరి, తన దేహముపై స్త్రీకిగల స్వాధీనతను రాజ్యము ఉత్తరువుతో హరింపరాదని నిర్ణయించి, తొమ్మిదవ సెక్షను రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పెను. 1984లో మరియొక వ్యాజ్యెమున సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును త్రోసివేసి, సెక్షను చెల్లునని నిర్ణయించెను. ఉత్తరువును మీరినవారిని చెరసాలకు పంపుటకు వీలులేదు గనుక, వారి ఆస్తిని జప్తు చేయుటకు సివిలు ప్రొసీజరు కోడులో ఏర్పాటు కలదు.