పేర్లు చెప్పేవారు ఉండగానే



మన ఇళ్ళలో బీరువాల అడుగున, పాత ట్రంకు పెట్టెల్లో, స్టూడియోవాళ్ళు ఇచ్చిన కాగితం కవర్లలో నెగెటివులు పడి ఉంటాయి. ఫోటో గోడకెక్కింది, నెగెటివ్ మూలన పడింది. కొందరి ఇళ్ళలో గోడమీది ఫోటోను చెదలు తినేశాయి, మిగిలింది ఆ నెగెటివ్ ఒక్కటే. కొంతకాలంగా మేము సంఘస్థులు తెచ్చిన వాటిని మా ఇంట్లోనే స్కాన్ చేస్తున్నాం. ఆ పనిలో తెలుసుకున్న సంగతులు మీతో పంచుకుంటున్నాం.

యెహోషువ గ్రంథం నాలుగవ అధ్యాయం మీకు తెలిసినదే. యొర్దాను దాటిన ప్రజలు నదిలోనుండి 12 రాళ్ళు మోసుకొచ్చి గిల్గాలులో నిలబెట్టారు. రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే పెద్దలు చెప్పాలి. రాయి తనంతట తాను మాట్లాడదు, చెప్పేవారు పక్కన ఉండాలి. నెగెటివ్ సంగతీ అంతే.

మన కృష్ణా డెల్టా సంఘ చరిత్ర ఒకసారి చూడండి. 1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు మచిలీపట్నం వచ్చారు. 1843లో నోబుల్ గారి బడి మొదలైంది. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాయి. 1859లో రాఘవాపురం పగోలు వెంకయ్యగారు బాప్తిస్మం పొందారు. ఆయన వెనుక మన పేటలు కదిలాయి. 1912లో అజరయ్యగారు బిషప్పుగా అభిషేకం పొందారు. దొరల ఉత్తరాలు, నివేదికలు నేటికీ ఇంగ్లండులో బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మరి వెంకయ్యగారి తర్వాత నడిచిన వందలమంది పేర్లెక్కడ? పాత మిషను ఫోటోల కింద చాలాచోట్ల దొరగారి పేరు ఉంటుంది. చుట్టూ నిలబడిన మనవారు "గ్రామ క్రైస్తవులు" మాత్రమే. పొలం పనికి పోయివచ్చి, రాత్రి ప్రార్థనకు కిరసనాయిలు దీపం పట్టుకున్న తల్లులను ఏ నివేదిక రాసింది?

పైగా మనది నీటి దేశం. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో లెక్కకు వచ్చినవారే 10,000 దాటారు. మనుషులే కొట్టుకుపోయిన ఊళ్ళలో పెట్టెలు మిగులుతాయా? కాబట్టి మెరకన ఉన్న బంధువుల ఇంట్లో ఒక్క నెగెటివ్ మిగిలినా అది చిన్న సంగతి కాదు.

ఇక పని సంగతి. ఆఫీసుల్లో వాడే మామూలు స్కానర్ దీనికి పనికిరాదు. వెలుగు ఫిల్ము గుండా దూరి రావాలి గనుక, మూతలో కూడా లైటున్న స్కానర్ కావాలి. అది లేకపోతే చీకటి గదిలో ట్యాబ్ తెరను తెల్లగా వెలిగించి, దానికి రెండంగుళాల పైన ఫిల్మును చదునుగా నిలిపి, స్టాండుకు బిగించిన ఫోనుతో తీయవచ్చు. తెరకు ఆనిస్తే చుక్కలు కనబడతాయి. 35 మి.మీ. ఫిల్మును 2400 డీపీఐలో స్కాన్ చేస్తే ఏ4 కాగితం నిండా ముద్రించుకోవచ్చు. దుమ్మును రబ్బరు బుడ్డితో ఊదండి. గుడ్డతో తుడవవద్దు. బూజు పట్టినదాన్ని నీళ్ళలో పెట్టవద్దు, బొమ్మ ఉన్న పొరే కరిగిపోవచ్చు. వెనిగర్ వాసన వేసే ఫిల్ము పాడవుతోందని గుర్తు. దాన్ని విడిగా పెట్టి ముందు దాన్నే స్కాన్ చేయండి.

ఫిల్ము తిరగబడిందేమో ఎలా తెలుస్తుంది? బోర్డుమీది అక్షరాలు చూడండి. అవి లేకపోతే అమ్మల పైట చూడండి. అందరికీ కుడి భుజం మీద ఉంటే ఫిల్ము తిప్పి పెట్టాల్సిందే.

కాలం తెలుసుకోవడానికీ గుర్తులున్నాయి. ఫిల్ము అంచున "ఇందు" అని ఉంటే అది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారిది, 1960లకు ముందుది కాదు. వెనుక కృష్ణానది కనబడితే, ప్రకాశం బ్యారేజీ ఉందా, పాత ఆనకట్టే ఉందా చూడండి. బ్యారేజీ 1957లో పూర్తయింది. బెజవాడ కొండమీద గాంధీ స్థూపం ఉంటే అది 1968కి ముందుది కాదు.

అయితే ప్రియులారా, ఊరూ ఏడూ మనం తేల్చగలం. ముఖాల పేర్లు మాత్రం ఏ యంత్రమూ చెప్పదు. ఎనభై దాటిన మన అవ్వలు, తాతలు చెప్పాలి. అందుకే స్కాన్ అయిన వెంటనే ఫోటోను పెద్దది చేసి వారికి చూపించండి. చెబుతుండగా ఫోనులో వారి స్వరం రికార్డు చేయండి. ఎడమనుండి కుడికి వరుసగా నోటుపుస్తకంలో రాయండి. ఫైలు పేరులో ఊరు, సంవత్సరం, సందర్భం పెట్టండి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి. మూడు కాపీలు ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో. స్కాన్ అయింది కదా అని నెగెటివ్ పారేయవద్దు.

పేరు ఎవరికీ తెలియకపోతే? రోమీయులకు రాసిన పత్రిక పదహారవ అధ్యాయం తెరవండి. పౌలుగారు ఎంతమంది పేర్లు చెప్పారో చూడండి. పత్రిక చేతితో రాసిన తెర్తియు కూడా తన పేరు చేర్చుకున్నాడు. అయినా ఆ జాబితాలో రూఫు తల్లికి పేరు లేదు. ఆమె రూఫు తల్లి, పౌలుకూ తల్లివంటిది, అంతే. ఆ ఒక్క మాటతో రెండువేల ఏళ్ళుగా సంఘం ఆమెను ఎరుగును. కాబట్టి "ఫలానావారి మేనత్త", "వాయిద్యం వాయించిన తాతగారి కోడలు" అని అయినా రాయండి. ఖాళీగా మాత్రం వదలవద్దు.

జీవగ్రంథంలో వారి పేర్లు ప్రభువు రాసే ఉంచాడు, దాని విషయమై మనకు చింత లేదు. మన పిల్లలు ఏ భుజాలమీద నిలబడ్డారో వారికి తెలియాలన్నదే మన భారం. ఈ ఆదివారం ఆరాధన తర్వాత మీ దగ్గరున్న కవర్లు మందిరానికి తీసుకురండి. మీతోపాటు ఇంట్లోని పెద్దవారినీ తీసుకురండి.

దేవుడు మిమ్మును మీ కుటుంబములను దీవించును గాక. ఆమెన్.