మదనపల్లి కుర్రాడు, జర్మనీ బదనిక మందు

మొన్న ఒక పాత కొలీగ్ ఫోన్ చేశాడు. వాళ్ళత్తగారికి రొమ్ము క్యాన్సర్, కీమో మొదలుపెట్టాలన్నారట. "గురూ, జర్మనీలో మిసిల్‌టో ఇంజెక్షన్ ఉందటగా, అక్కడి గవర్నమెంటే ఒప్పుకుందట. కీమో మానేసి అది చేయిస్తే?" అనడిగాడు. నేను రెండేళ్ళు స్టుట్‌గార్ట్‌లో ఆన్‌సైట్ ఉన్నానుగా, నాకు తెలుస్తుందని ఆశ. అతనికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా.

ఈ మందుకి మన మదనపల్లితో దూరపు చుట్టరికం ఉంది. దీని మూలపురుషుడు రుడాల్ఫ్ స్టైనర్ (1861–1925) డాక్టరు కాదు. వియన్నా టెక్నికల్ కాలేజీలో లెక్కలూ సైన్సూ చదివి, ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేశాడు. 1902 నుంచి దివ్యజ్ఞాన సమాజం జర్మనీ శాఖకి పెద్ద. 1909లో అడయారులో లెడ్‌బీటర్ కంట్లో పడిన మదనపల్లి కుర్రాడు జిడ్డు కృష్ణమూర్తి. 1911లో అనీబిసెంట్ ఆ పిల్లాణ్ణి పెద్దగా పెట్టి ఒక సంఘం కట్టి, జగద్గురువు రాబోతున్నాడని ప్రచారం మొదలెట్టింది. స్టైనర్‌కి ఇది మింగుడుపడలేదు. 1912 చివర్లో ఆయన మనుషులు ఆంత్రొపాసఫీ అని వేరు కుంపటి పెట్టుకున్నారు.

కృష్ణమూర్తి 1929లో తన సంఘాన్ని తనే రద్దు చేసి దణ్ణం పెట్టేశాడు. స్టైనర్ వైపు మాత్రం బడులు, వ్యవసాయం, వైద్యం అన్నీ పుట్టుకొచ్చాయి. 1920లో ఆయన డాక్టర్లకి పాఠాలు చెప్పాడు. మర్నాడే అన్నట్టు 1921లో ఇటా వెగ్మన్ అనే డాక్టరమ్మ స్విట్జర్లాండ్‌లో ఆస్పత్రి తెరిచింది.

ఇంతకీ మిసిల్‌టో ఏమిటంటే, మన మామిడిచెట్ల మీద పెరిగే బదనిక వరస మొక్క. చెట్టుని పట్టుకుని పీల్చుకు బతుకుతుంది. క్యాన్సర్ గడ్డా అంతేగా, కాబట్టి దానికిది మందు! పోలికలోంచి పుట్టింది తప్ప ప్రయోగంలోంచి కాదు.

పుట్టుక వింతదైనంత మాత్రాన పనిచెయ్యదని అనలేం, పరీక్షించి చూడాలి. చూశారు కూడా. 2008లో కోక్రేన్ సమీక్ష 21 ట్రయల్స్ తిరగేసి, ఆయుష్షు పెంచుతుందనడానికి ఆధారం బలహీనం అని తేల్చింది. రొమ్ము క్యాన్సర్‌కి కీమో జరుగుతున్నప్పుడు ఇస్తే రోగికి కాస్త తెరిపిగా ఉండొచ్చట, అదీ మళ్ళీ రూఢి కావాలట. గమనించండి, కీమోతో పాటు. కీమో బదులు కాదు.

మరి గవర్నమెంటు ఒప్పుకోవడం? 1976 నాటి జర్మనీ మందుల చట్టం ఆంత్రొపాసఫీ, హోమియోపతీ, మూలికావైద్యాలని ప్రత్యేక పద్ధతులుగా విడదీసింది. ఆ మందుల్ని ఆ పద్ధతి తెలిసినవాళ్ళ కమిటీయే బేరీజు వేస్తుంది. అంటే డెవలపరే తన కోడ్ తనే టెస్ట్ చేసి సైనాఫ్ ఇచ్చినట్టు. అలాంటి బిల్డ్‌ని మనం ప్రొడక్షన్‌లో పెడతామా? అత్తగారి ఒంట్లో ఎలా పెడతాం?

అంతా విని, "సరే గురూ, కానీ ఆవిడకి కీమో అంటే భయం. ఎలా ఒప్పించను?" అన్నాడు. దానికి మాత్రం నా దగ్గర ఏ సమీక్షా లేదు. ఆ భయం గురించి ముందు వాళ్ళ డాక్టరుతోనే మాట్లాడమన్నాను.