పుట్టర్ ఎంత వింతగా ఉండవచ్చు? గోల్ఫ్ నియమాలు గీసిన గీత ఎక్కడ?

అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 2024 ఏప్రిల్‌లో జరిగిన వలేరో టెక్సాస్ ఓపెన్‌ను భారత సంతతికి చెందిన యువ గోల్ఫర్ అక్షయ్ భాటియా ప్లేఆఫ్‌లో గెలుచుకున్నారు. ఆ పోటీలో ఆయన వాడిన పుట్టర్ మామూలు పుట్టర్ల కంటే చాలా పొడవైనది. దాని పైకొన ఛాతీ దాకా వస్తుంది. చీపురు పట్టుకుని ఊడ్చినట్టు కనిపించే ఈ రకాన్ని ‘బ్రూమ్‌స్టిక్’ పుట్టర్ అంటారు. పొడవాటి పుట్టర్లను 2016లోనే నిషేధించారని అనుకునేవారికి ఆ దృశ్యం ఆశ్చర్యం కలిగించి ఉండవచ్చు. అయితే అప్పుడు నిషేధానికి గురైనది పుట్టర్ కాదు, దానిని శరీరానికి ఆనించి కొట్టే పద్ధతి. వస్తువుకూ పద్ధతికీ మధ్య ఉన్న ఈ తేడాయే శతాబ్దానికి పైగా సాగుతున్న పుట్టర్ వివాదానికి మూలం.

పుట్టర్‌కు ఎందుకంత ప్రాధాన్యం

గ్రీన్ మీదికి చేరిన బంతిని రంధ్రంలోకి దొర్లించేందుకు వాడే కర్ర పుట్టర్. ఒక్కో హోల్‌కు గ్రీన్ మీద 2 పట్‌లు పడతాయన్న లెక్కతో పార్‌ను నిర్ణయిస్తారు. ఆ విధంగా పార్ 72 ఉన్న 18 హోల్స్ కోర్సులో సరిగ్గా సగం, అంటే 36 స్ట్రోక్‌లు, పుట్టర్ వాటాకే వస్తాయి. గోల్ఫర్ సంచిలో ఉండదగిన 14 కర్రల్లో మరే కర్రకూ ఇంత వాటా లేదు.

పటింగ్‌కు కండబలం అవసరం లేదు, నిలకడ కావాలి. దశాబ్దాల అనుభవం ఉన్నవారికి సైతం మూడడుగుల పట్ కొట్టేటప్పుడు చేయి అసంకల్పితంగా అదరడం కద్దు. గోల్ఫ్ పరిభాషలో దీనిని ‘యిప్స్’ అంటారు. వింత పుట్టర్లలోనూ, వింత నిలబడే తీరుల్లోనూ అనేకం ఈ అదురును అణచేందుకు పుట్టినవే.

నియమాలు ఏం చెబుతున్నాయి

గోల్ఫ్ నియమాలను రెండు సంస్థలు కలిసి రూపొందిస్తాయి. అమెరికా, మెక్సికోలు యునైటెడ్ స్టేట్స్ గోల్ఫ్ అసోసియేషన్ (యూఎస్‌జీఏ) పరిధిలోకి వస్తాయి. భారత్ సహా మిగిలిన ప్రపంచం స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా పనిచేసే ఆర్ అండ్ ఏ పరిధిలో ఉంటుంది. నియమావళి ఒక్కటే కనుక గోల్కొండలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడేవారికీ, అమెరికా టూర్‌లో ఆడేవారికీ పుట్టర్ కొలతలు ఒకటే.

ఆ కొలతల్లో ముఖ్యమైనవి ఇవి. పుట్టర్ తలకు ఆటగాడికి దగ్గరి అంచు నుంచి దూరపు అంచు వరకు ఉండే కొలత, ముందు నుంచి వెనక్కి ఉండే కొలత కంటే ఎక్కువగా ఉండాలి. అది 7 అంగుళాలు దాటరాదు. తల ఎత్తు 2.5 అంగుళాలకు మించరాదు. బంతిని తాకే ముఖం వాలు 10 డిగ్రీలు దాటకూడదు. కర్రను బంతి వద్ద మామూలుగా ఉంచినప్పుడు దాని షాఫ్ట్ నిలువు రేఖ నుంచి కనీసం 10 డిగ్రీలు పక్కకు వాలి ఉండాలి.

మరికొన్ని విషయాల్లో మిగతా కర్రలకు లేని వెసులుబాటు పుట్టర్‌కు ఉంది. షాఫ్ట్‌ను తలలో ఎక్కడైనా అమర్చవచ్చు. పట్టుకునే చోట ఒకవైపు చదునుగా ఉంచవచ్చు. నిబంధనలకు లోబడి రెండు గ్రిప్‌లు కూడా ఉండవచ్చు. ఇతర కర్రల పొడవుకు 48 అంగుళాల గరిష్ఠ పరిమితి ఉండగా, పుట్టర్‌కు గరిష్ఠ పరిమితే లేదు; 18 అంగుళాలకు తగ్గరాదన్న కనీస పరిమితి మాత్రమే ఉంది. భాటియా పుట్టర్ చట్టబద్ధం కావడానికి కారణం ఇదే.

మొదటి వివాదం: 1904

అమెరికా అమెచ్యూర్ క్రీడాకారుడు వాల్టర్ ట్రావిస్ 1904లో ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో బ్రిటిష్ అమెచ్యూర్ టైటిల్‌ను గెలుచుకున్నారు. ఆయన చేతిలో ఉన్నది న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీ పట్టణం పేరుతో పిలిచే పుట్టర్. దాని షాఫ్ట్ తల చివర కాక మధ్యభాగంలో అమర్చి ఉండేది. కొన్నేళ్లకు ఆర్ అండ్ ఏ ఆ తరహా పుట్టర్లను అనుమతించలేదు. యూఎస్‌జీఏ మాత్రం కొనసాగించింది. ఫలితంగా ఒకే కర్ర అట్లాంటిక్‌కు ఒకవైపు సక్రమం, మరోవైపు అక్రమం అయింది. 1951లో రెండు సంస్థలు ఉమ్మడి నియమావళికి అంగీకరించిన తర్వాతే ఆ భేదం తొలగింది. నేడు మధ్యలో షాఫ్ట్ ఉన్న పుట్టర్‌ను ఎవరూ వింతగా చూడరు.

1960ల్లో వివాదం నిలబడే తీరు మీదికి మళ్లింది. యిప్స్‌తో బాధపడిన దిగ్గజం శామ్ స్నీడ్, రంధ్రానికి ఎదురుగా నిలిచి, బంతి మార్గానికి ఇరువైపులా కాళ్లు ఉంచి, క్రోకే ఆటలో మాదిరిగా కాళ్ల మధ్య నుంచి బంతిని కొట్టడం ఆరంభించారు. 1968 నుంచి ఆ పద్ధతిని నిషేధించారు. స్నీడ్ రెండు కాళ్లనూ మార్గానికి ఒకే పక్కకు చేర్చి, ముఖం రంధ్రం వైపే ఉంచి ఆట కొనసాగించారు. పద్ధతి మారింది కానీ ఆయన అవసరం తీరింది.

ఆనించి కొట్టడంపై నిషేధం

పొట్టకు ఆనించి కొట్టే ‘బెల్లీ పుట్టర్’, ఛాతీకి లేదా గడ్డానికి ఆనించే బ్రూమ్‌స్టిక్ అనేక ఏళ్లుగా వాడుకలో ఉన్నప్పటికీ, వాటిని వయసు మీరినవారి ఊతకర్రలుగానే చూసేవారు. 2011లో పరిస్థితి మారింది. ఆ ఏడాది కీగన్ బ్రాడ్లీ బెల్లీ పుట్టర్‌తో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచారు. 2012లో వెబ్ సింప్సన్ యూఎస్ ఓపెన్‌ను, ఎర్నీ ఎల్స్ బ్రిటిష్ ఓపెన్‌ను అదే రకం పుట్టర్‌తో సాధించారు. 2013 ఏప్రిల్‌లో ఆడమ్ స్కాట్ బ్రూమ్‌స్టిక్‌తో మాస్టర్స్ నెగ్గారు. వరుసగా ఆరు మేజర్ టోర్నీల్లో నాలుగు ఆనించి కొట్టినవారికే దక్కాయి.

ఈలోగా 2012 నవంబర్‌లో రెండు సంస్థలూ నిషేధ ప్రతిపాదన తెచ్చి, 2013 మేలో ఖరారు చేశాయి. 2016 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ప్రస్తుత నియమావళిలో ఇది 10.1బి నియమం. దాని ప్రకారం కర్రను గానీ, దానిని పట్టుకున్న చేతిని గానీ శరీరానికి ఆనించి స్ట్రోక్ కొట్టరాదు. ముంజేతిని శరీరానికి అదిమిపెట్టి, దాని ఆధారంగా చేతిని స్థిరబిందువుగా మార్చుకోవడం కూడా తప్పే. అయితే షాఫ్ట్‌ను ముంజేతికి ఆనించడానికి అనుమతి ఉంది. ఉల్లంఘనకు స్ట్రోక్ ప్లేలో 2 స్ట్రోక్‌ల జరిమానా ఉంటుంది. మ్యాచ్ ప్లేలో ఆ హోల్‌ను కోల్పోతారు.

ఇరుపక్షాల వాదన

రెండు చేతులతో పట్టుకుని కర్రను స్వేచ్ఛగా ఊపడమే స్ట్రోక్ అన్నది నియంత్రణ సంస్థల వాదన. ఒక కొనను శరీరానికి బిగించినప్పుడు ఆటగాడు అధిగమించవలసిన వణుకు, ఒత్తిడి తగ్గిపోతాయని వాటి అభిప్రాయం. పద్ధతి వల్ల ఎన్ని స్ట్రోక్‌లు ఆదా అవుతాయన్న గణాంకాల కంటే, స్ట్రోక్ అంటే ఏమిటన్న నిర్వచనమే అవి ప్రధానంగా ఎత్తిచూపాయి.

ప్రత్యర్థుల వాదన అక్కడే మొదలైంది. లాభం రుజువు కానప్పుడు, దశాబ్దాలపాటు అనుమతించిన పద్ధతిని ఎందుకు తొలగించాలని వారు ప్రశ్నించారు. అమెరికా పీజీఏ టూర్ మొదట ప్రతిపాదనను వ్యతిరేకించి, తర్వాత అమలుకు అంగీకరించింది. ముంజేతులను పూర్తిగా తిప్పలేని పుట్టుకతోడి సమస్య ఉన్న దక్షిణాఫ్రికా ఆటగాడు టిమ్ క్లార్క్ వంటివారికి ఇది సిద్ధాంత చర్చ కాదు, జీవనోపాధి ప్రశ్న.

నిషేధం తర్వాతి ఫలితాలు ఏ పక్షానికీ పూర్తి విజయం ఇవ్వలేదు. స్కాట్ 2016 ఆరంభంలో పొట్టి పుట్టర్‌తో వరుసగా రెండు టోర్నీలు గెలిచారు. సింప్సన్ 2018లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్ సాధించారు. బ్రాడ్లీ మాత్రం 2012 తర్వాతి టూర్ విజయం కోసం 2018 సెప్టెంబర్ వరకు నిరీక్షించవలసి వచ్చింది.

అంపైర్ లేని ఆట

ఈ నియమం అమలులో ఒక చిక్కు ఉంది. చొక్కాకు చేయి తగలడం తప్పు కాదు, ఉద్దేశపూర్వకంగా ఆనించడమే తప్పు. ఆ ఉద్దేశం ఆటగాడికే తెలుస్తుంది. 2017లో బ్రూమ్‌స్టిక్ వాడే సీనియర్ ఆటగాళ్లు బెర్న్‌హార్డ్ లాంగర్, స్కాట్ మెకారన్‌లపై అనుమానాలు వ్యక్తమైనప్పుడు, వారు నియమాన్ని ఉల్లంఘించలేదని యూఎస్‌జీఏ స్పష్టం చేసింది.

గోల్ఫ్ ఇలాంటి విషయాలను ఆటగాడి నిజాయితీకే వదులుతుంది. అందుకు తెలుగువారికి పరిచయమైన ఉదాహరణ సాహిత్ తీగల. హైదరాబాద్ మూలాలున్న కుటుంబంలో కాలిఫోర్నియాలో జన్మించి, 2023లో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచిన ఈ క్రీడాకారుడు, 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో కర్రను వెనక్కి తీసే సమయంలో బంకర్‌లోని ఇసుకను తాకినట్టు తానే అధికారులకు చెప్పి, 2 స్ట్రోక్‌ల జరిమానా స్వీకరించారు. ఆ టోర్నీలో ఆయన మూడో స్థానంలో నిలిచారు. అది పుట్టర్‌కు సంబంధించిన ఘటన కాకపోయినా, 10.1బి నియమం నిలబడేది ఇటువంటి ప్రవర్తన మీదే.

నేటి పరిస్థితి

ఊపేటప్పుడు తల మెలి తిరగకుండా సమతూకం చేసిన ‘జీరో టార్క్’ పుట్టర్లు ఇప్పుడు చర్చలో ఉన్నాయి. 2025 యూఎస్ ఓపెన్ చివరి హోల్‌లో జె.జె. స్పాన్ 64 అడుగుల పట్‌ను రంధ్రంలో వేసి టైటిల్ ఖాయం చేసుకున్నది ఆ తరహా పుట్టర్‌తోనే. ఆకారం ఎంత అసాధారణంగా ఉన్నా, కొలతలకు లోబడి ఉన్నందున అవి సక్రమమే.

క్లబ్ స్థాయి ఆటగాళ్లు గమనించవలసిన తేడా ఒకటుంది. పద్ధతి తప్పితే స్ట్రోక్‌ల జరిమానాతో సరిపోతుంది, నిబంధనలకు సరిపడని పుట్టర్‌తో పోటీలో స్ట్రోక్ కొడితే అనర్హత వేటు పడుతుంది. వైకల్యాలున్న క్రీడాకారుల కోసం 2023 నియమావళిలో చేర్చిన 25వ నియమం కొన్ని సందర్భాల్లో కర్రను శరీరానికి ఆనించేందుకు వీలు కల్పించింది. స్ట్రోక్‌కు ఒకే నిర్వచనం ఉండాలన్న సంస్థలే, అందరి శరీరాలూ ఒకేలా ఉండవన్న విషయాన్ని ఆ మేరకు అంగీకరించినట్టయింది.