59 డాలర్ల నుంచి చాంపియన్ దాకా: జో లూయిస్ తొలి మూడేళ్లు



ఆటల చరిత్ర అనగానే మనకి చివరి ఫొటోనే గుర్తొస్తుంది. బెల్ట్ పైకెత్తి నిలబడ్డ చాంపియన్, చుట్టూ కెమెరాలు. ఆ ఫొటోకి ముందు తలుపు ఎవరు మూశారు, ఎవరు తెరిపించారు, తెరిచినందుకు ఎవరు ఎంత తీసుకున్నారు అన్నది పెద్దగా ఎవరూ చెప్పరు. అందుకే ఈరోజు అమెరికా నల్లజాతి హెవీవెయిట్ బాక్సర్ జో లూయిస్ గురించి, అదీ ఆయన ప్రొఫెషనల్‌గా మారిన మొదటి మూడేళ్ల గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మూసిన తలుపు సంగతి తెలియాలి.

1908లో జాక్ జాన్సన్ అనే నల్లజాతి బాక్సర్ సిడ్నీలో టామీ బర్న్స్‌ని ఓడించి ప్రపంచ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. నల్లవాళ్లలో ఆ టైటిల్ గెలిచిన మొదటి మనిషి ఆయనే. తెల్లవాళ్లు తట్టుకోలేకపోయారు. ఎప్పుడో రిటైర్ అయిపోయిన పాత చాంపియన్ జెఫ్రీస్‌ని బతిమాలి మళ్లీ రింగ్‌లోకి దింపారు. 1910 జూలై 4న రీనోలో జాన్సన్ అతన్నీ ఓడించాడు. ఆ వార్త టెలిగ్రాఫ్‌లో పాకిన రాత్రే అనేక ఊళ్లలో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి, మనుషులు చనిపోయారు. ఒక ఆటలో గెలిచినందుకు!

జాన్సన్ తల వంచే రకం కాదు. రింగ్‌లో ప్రత్యర్థిని చూసి నవ్వేవాడు, ఖరీదైన కార్లలో తిరిగేవాడు, తెల్లజాతి స్త్రీలని పెళ్లి చేసుకున్నాడు. 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ ఆయన్ని దోషి అని తేల్చింది. స్త్రీలని అనైతిక పనులకు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రం తీసుకెళ్లడాన్ని నేరం చేసిన చట్టాన్ని ఆయన మీద వాడారు. ఆ కేసులో న్యాయం లేదని ఒప్పుకుని అమెరికా అధ్యక్షుడు క్షమాభిక్ష ఇచ్చింది 2018లో, ఆయన చనిపోయిన 72 ఏళ్లకి.

1915లో హవానాలో జాన్సన్ ఓడిపోయాక హెవీవెయిట్ టైటిల్ పోటీలోకి మరో నల్లవాడిని రానివ్వలేదు. రూల్ బుక్‌లో ఆ మాట ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం కూడా రాలేదు. చాంపియన్లు ఒప్పుకునేవాళ్లు కాదు, ప్రమోటర్లు పెట్టేవాళ్లు కాదు, అంతే. హ్యారీ విల్స్ లాంటి గొప్ప బాక్సర్ జాక్ డెంప్సీతో పోటీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి వయసైపోయి వెళ్లిపోయాడు.

ఇలాంటి రోజుల్లో పెరిగినవాడు జో లూయిస్. అసలు పేరు జోసెఫ్ లూయిస్ బారో. 1914 మే 13న అలబామా రాష్ట్రంలో లఫాయెట్ దగ్గరి పల్లెలో పుట్టాడు. తాతలు బానిసలు. తల్లిదండ్రులు వేరేవాళ్ల భూమిలో పత్తి పండించి, పంటలో వాటా ఇచ్చుకునే కౌలు రైతులు. జో రెండేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడే తండ్రిని మానసిక వైద్యశాలలో చేర్చారు. తల్లి లిలీ తర్వాత ఇంకో పెళ్లి చేసుకుంది. 1926లో కు క్లక్స్ క్లాన్ మూకతో ఎదురుపడ్డ భయంతో ఆ కుటుంబం ఊరు వదిలి, ఉత్తరాన కార్ల ఫ్యాక్టరీలున్న డెట్రాయిట్ నగరానికి చేరింది. ఆ రోజుల్లో దక్షిణాది పల్లెల నుంచి లక్షల మంది నల్లవాళ్లు పట్టిన దారి అదే.

జో పెద్దగా మాట్లాడేవాడు కాదు, చదువు అంతంత మాత్రం. తల్లి వయోలిన్ నేర్పించాలని డబ్బులిస్తే, ఆ డబ్బు తీసుకెళ్లి బ్రూస్టర్ సెంటర్ జిమ్‌లో కట్టాడని చెప్తారు. 1932లో మొదటి అమెచ్యూర్ పోటీలో ఒలింపిక్స్‌కి వెళ్లిన జానీ మైలర్ చేతిలో పదేపదే కింద పడి ఓడిపోయాడు. కొన్నాళ్లు బాక్సింగ్ పక్కన పెట్టి ఫోర్డ్ ఫ్యాక్టరీలో పనికి పోయాడు. మళ్లీ వచ్చాడు. 1934లో లైట్ హెవీవెయిట్‌లో జాతీయ అమెచ్యూర్ చాంపియన్ అయ్యాడు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

డెట్రాయిట్‌లో జాన్ రాక్స్‌బరో అనే నల్లజాతి వ్యాపారి ఉండేవాడు. సమాజంలో పేరుంది, డబ్బుంది. ఆ డబ్బు ఎక్కువగా నంబర్ల ఆట నుంచి వచ్చేది, అంటే మన దగ్గర మట్కా లాంటిది. బ్యాంకులు అప్పివ్వని, పెద్ద వ్యాపారాల్లోకి రానివ్వని రోజుల్లో నల్లవాళ్ల పేటల్లో పెట్టుబడి ఉన్నది అలాంటి వాళ్ల దగ్గరే. ఆయన జోకి ఒక సంగతి విడమరిచి చెప్పాడు. తెల్లజాతి మేనేజర్లు నల్ల బాక్సర్‌ని టైటిల్ దాకా తీసుకెళ్లాలని చూడరు, వచ్చిన పోటీలన్నిట్లోకీ దింపి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లు వాడుకుని వదిలేస్తారు అని. జో ఆయనతో వెళ్లాడు. షికాగోలో అదే తరహా వ్యాపారి జూలియన్ బ్లాక్ రెండో మేనేజర్ అయ్యాడు. ట్రైనర్‌గా జాక్ బ్లాక్‌బర్న్ వచ్చాడు. ఒకప్పుడు గొప్ప బాక్సర్, మనిషిని చంపిన కేసులో జైలు చూసి వచ్చినవాడు. నల్లజాతి హెవీవెయిట్‌ని తయారుచేస్తే లాభం ఏముంది, టైటిల్ ఎలాగూ ఇవ్వరు కదా అని ఆయన మొదట వెనకాడాడు. ఈ ముగ్గురూ నల్లవాళ్లే. ముగ్గురికీ ఆ గోడ ఎంత ఎత్తుందో తెలుసు.

1934 జూలై 4న షికాగోలోని బేకన్ క్యాసినోలో జో మొదటి ప్రొఫెషనల్ పోటీ. ప్రత్యర్థి జాక్ క్రాకెన్. మొదటి రౌండ్‌లోనే నాకౌట్. జోకి వచ్చిన డబ్బు 59 డాలర్లు. తేదీ గమనించారా? రీనోలో జాన్సన్ గెలిచిన రోజుకి సరిగ్గా 24 ఏళ్లు. ఆ ఏడాది మిగిలిన ఆరు నెలల్లో మొత్తం 12 పోటీలు ఆడి అన్నీ గెలిచాడు, అందులో 10 నాకౌట్లు. అంటే నెలకి రెండు. ఒళ్లు నేర్చుకునే దశలో పని అలా ఉంటుంది.

బ్లాక్‌బర్న్ నేర్పిన దాంట్లో మొదటిది కాళ్లు. దెబ్బ భుజం నుంచి రాదు, నేల మీద కాళ్లు నిలిచిన తీరు నుంచి వస్తుందని జో నడకనే మార్చాడు. అడుగులు చిన్నవి, తొందర లేదు, ప్రత్యర్థి మీదకి మెల్లగా జరుగుతూ ఎడమ చేతి జాబ్‌తో దారి చేసుకోవడం, ఆ వెంటనే దగ్గర నుంచి వరస దెబ్బలు. రెండోది ఒక చేదు నిజం. రౌండ్లన్నీ ఆడి పాయింట్ల దాకా తీసుకెళ్తే తెల్లజాతి జడ్జీలు నల్లవాడికి గెలుపు ఇస్తారన్న నమ్మకం లేదు. కాబట్టి నిర్ణయం వాళ్ల చేతికి పోకూడదు, నాకౌట్ చెయ్యాలి. జో లూయిస్ అంటే నాకౌట్ అన్న పేరు ఊరికే రాలేదు. దాని వెనక ఈ లెక్క ఉంది.

రింగ్ బయట ఇంకో శిక్షణ నడిచింది. రాక్స్‌బరో కొన్ని నియమాలు పెట్టాడు. తెల్లజాతి స్త్రీతో ఫొటో దిగకూడదు. నైట్ క్లబ్‌కి ఒంటరిగా పోకూడదు. ఓడిపోయి పడ్డవాడిని చూసి సంబరం చేసుకోకూడదు. ముందే మాట్లాడుకున్న దొంగ పోటీ ఆడకూడదు. బతుకైనా ఆటైనా శుభ్రంగా ఉండాలి. సూటిగా చెప్పాలంటే జాక్ జాన్సన్‌లా కనపడకూడదు. గెలిచినా ముఖంలో ఏమీ కనిపించకుండా నిలబడే జో ఫొటోలు చూస్తే ఇప్పుడు అర్థమవుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు గెలిచి నవ్వడానికి కూడా ఆలోచించుకోవాల్సి వచ్చింది. ఆ నియమాలు అవసరమయ్యాయి, నిజమే. కానీ తెల్ల బాక్సర్లకి అలాంటి లిస్టు ఎవరూ ఇవ్వలేదు.

అప్పట్లో బాక్సింగ్‌కి రాజధాని న్యూయార్క్, అక్కడ పెద్ద వేదిక మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్. అక్కడి పోటీలు చూసే జిమ్మీ జాన్‌స్టన్ నల్ల బాక్సర్‌కి సమాన లెక్కలో చోటివ్వడానికి ఇష్టపడలేదు, అప్పుడప్పుడు ఓడిపోవాల్సి ఉంటుందన్నట్టు మాట్లాడాడు. రాక్స్‌బరో ఫోన్ పెట్టేశాడు. గార్డెన్ గుత్తాధిపత్యాన్ని పడగొట్టాలని చూస్తున్న మైక్ జేకబ్స్ అనే ప్రమోటర్ ఈ సందులో దూరాడు. మొదట టికెట్ల బ్లాక్ దందా చేసినవాడు, పేరున్న స్పోర్ట్స్ జర్నలిస్టులు కొందరిని భాగస్వాములుగా పెట్టుకున్నవాడు. 1935లో జోతో ఒప్పందం రాయించుకున్నాడు. ఆయనకి నల్లజాతి మీద ప్రత్యేక ప్రేమేమీ లేదు. జో పేరు మీద స్టేడియంలు నిండుతాయని కనిపెట్టాడు. తలుపు తెరిచింది ఈ లెక్కే.

1935 జూన్ 25, యాంకీ స్టేడియం. 60 వేలకి పైగా జనం. ఎదురుగా ప్రీమో కార్నెరా, ఇటలీ దేశపు మాజీ చాంపియన్, జో కన్నా సుమారు 30 కిలోలు బరువెక్కువ. అప్పుడే ముస్సోలినీ ఇటలీ సైన్యం ఇథియోపియా మీదకి పోవడానికి సిద్ధమవుతోంది. అందుకని నల్లజాతి జనం ఆ పోటీని ఉత్త పోటీగా చూడలేదు. ఆరో రౌండ్‌లో కార్నెరా పడిపోయాడు. సెప్టెంబర్ 24న ఇంకో మాజీ చాంపియన్ మ్యాక్స్ బేర్‌ని నాలుగో రౌండ్‌లో పడగొట్టాడు. అదే రోజు రింగ్‌లోకి వెళ్లే ముందు మార్వా ట్రాటర్‌ని పెళ్లి చేసుకున్నాడు! ఆ డబ్బుతో చేసిన పనుల్లో ఒకటి చెప్పుకోవాలి. కష్టకాలంలో తన కుటుంబం డెట్రాయిట్ నగరం నుంచి తీసుకున్న సాయం మొత్తాన్ని తిరిగి కట్టేశాడు.

పేపర్లు పొగిడాయి, కానీ ఆ పొగడ్త ఎలా ఉండేదో చూడండి. అడవి జంతువుతో పోలిక, పుట్టుకతోనే బలం వచ్చిందన్న మాట, బద్ధకస్తుడన్న మాట. బ్లాక్‌బర్న్ దగ్గర రోజూ చేసిన సాధన ఆ రాతల్లో కనపడదు. తెలివి, కష్టం తీసేసి ఒట్టి కండలు మిగల్చడం కూడా ఒక రకం అవమానమే.

ఆ తర్వాత దెబ్బ తగిలింది. 1936 జూన్ 19న జర్మనీకి చెందిన మాజీ చాంపియన్ మ్యాక్స్ ష్మెలింగ్‌తో పోటీ. ష్మెలింగ్‌కి 30 ఏళ్లు, పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. జో కూడా ట్రైనింగ్ క్యాంపులో గోల్ఫ్ మీద పడి సాధన తగ్గించాడు. ష్మెలింగ్ మాత్రం జో పోటీల ఫిల్ములు చూసి ఒక లోపం పట్టుకున్నాడు. జాబ్ విసిరాక జో ఎడమ చెయ్యి కిందకి జారుతోంది. ఆ సందులోంచి కుడి చేత్తో కొడుతూనే పోయాడు. నాలుగో రౌండ్‌లో జో కింద పడ్డాడు, పన్నెండో రౌండ్‌లో నాకౌట్ అయ్యాడు. హార్లెమ్ వీధుల్లో ఆ రాత్రి పెద్దవాళ్లు కూడా ఏడ్చారని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తర్వాత రాశాడు. హిట్లర్ ప్రభుత్వం ఆ గెలుపుని తన జాతి గొప్పతనంగా ప్రచారం చేసుకుంది.

జో ఇంటికెళ్లి కూర్చోలేదు. చెయ్యి కిందకి జారే అలవాటు మీద మళ్లీ పని మొదలైంది. రెండు నెలలకే, ఆగస్టులో, మాజీ చాంపియన్ జాక్ షార్కీని మూడో రౌండ్‌లో ఓడించాడు.

న్యాయంగా అయితే టైటిల్ పోటీ వంతు ష్మెలింగ్‌ది. చాంపియన్ జేమ్స్ బ్రాడక్‌తో 1937 జూన్‌కి పోటీ ఒప్పందం కూడా అయింది. కానీ నాజీల మీద కోపంతో యూదు సంఘాలు బహిష్కరణ అంటున్నాయి, వసూళ్లు రావన్న భయం. టైటిల్ జర్మనీకి పోతే తిరిగి రాదన్న భయం ఇంకోటి. దీనికితోడు మైక్ జేకబ్స్ బ్రాడక్ మేనేజర్‌కి ఒక ఎర చూపించాడు. బ్రాడక్ ఓడిపోతే, తర్వాతి పదేళ్లు హెవీవెయిట్ టైటిల్ పోటీల మీద జేకబ్స్‌కి వచ్చే లాభంలో పది శాతం అతనికి. ఓడినవాడికి పదేళ్ల పింఛను అన్నమాట! 22 ఏళ్ల గోడ పడింది ఇలా. ఎవరి మనసూ మారలేదు, లెక్క మారింది అంతే. అయితే ఆ లెక్క మారేంత విలువని తన మీదకి తెచ్చుకున్నది మాత్రం జో, ఆయన వెనకున్న ముగ్గురు.

1937 జూన్ 22, షికాగో కొమిస్కీ పార్క్. మొదటి రౌండ్‌లో బ్రాడక్ కొట్టిన దెబ్బకి జో కింద పడ్డాడు. లేచాడు. ఎనిమిదో రౌండ్‌లో కుడి చేతి దెబ్బతో పోటీ ముగించాడు. 59 డాలర్ల పోటీ జరిగిన నగరంలోనే, మూడేళ్లు నిండకముందే, 23 ఏళ్లకి ప్రపంచ చాంపియన్. రేడియో విన్న నల్లవాళ్ల పేటలన్నీ వీధుల్లోకి వచ్చాయి. సరిగ్గా ఏడాదికి 1938 జూన్ 22న ష్మెలింగ్‌ని 124 సెకన్లలో ఓడించి ఆ బాకీ కూడా తీర్చేశాడు.

టైటిల్ 1949 దాకా ఆయన దగ్గరే ఉంది, వరసగా 25 సార్లు నిలబెట్టుకున్నాడు. కానీ డబ్బు నిలబడలేదు. మేనేజర్ల వాటా, ప్రమోటర్ దగ్గర అడ్వాన్సులు, అడిగినవాడికల్లా ఇచ్చే గుణం. రాక్స్‌బరో 1940లలో నంబర్ల కేసులో జైలుకెళ్లాడు, బ్లాక్‌బర్న్ 1942లో చనిపోయాడు. ఆ ఏడాదే జో రెండు పోటీల డబ్బుని నేవీ, ఆర్మీ సహాయ నిధులకి ఇచ్చేశాడు. పన్నుల శాఖ దాన్నీ ఆయన ఆదాయం కిందే లెక్కగట్టింది. వడ్డీలతో బాకీ 5 లక్షల డాలర్లు దాటింది. ఆ బాకీ కోసం వయసైపోయాక మళ్లీ రింగ్‌లోకి దిగి, 1951లో రాకీ మార్సియానో చేతిలో ఓడిపోయాడు. చేతులు ఎంత బలమైనవైనా, కాగితం చదివే మనిషి పక్కన లేకపోతే ఇంతే.

ఆ మొదటి మూడేళ్లలో జో కొట్టగలడన్న దాని మీద ఎవరికీ అనుమానం లేదు. హ్యారీ విల్స్ కూడా కొట్టగలిగినవాడే. విల్స్‌కి లేనిది, జోకి దొరికినది, ఆ వ్యవస్థ లోపలి దారులు తెలిసిన సొంత మనుషులు. ఎవరితో ఎప్పుడు పోటీ పెట్టుకోవాలి, ఎవరికి ఫోన్ పెట్టేయాలి, ఎవరితో సంతకం చెయ్యాలి అన్నది వాళ్లు చూసుకున్నారు. వాళ్లు సాధువులేం కాదు, వాటా గట్టిగానే తీసుకున్నారు. టైటిల్ దాకా దారి చూపించారు, ఆ తర్వాత డబ్బు కాపాడే దారి చూపించలేదు. రెండూ నిజమే, రెండూ గుర్తుపెట్టుకోవాలి.

మన గ్రూపులో ఆటల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. లా, కామర్స్ చదివేవాళ్లు కూడా ఉన్నారు. రింగ్‌లోకి, గ్రౌండ్‌లోకి వెళ్లేవాళ్ల పక్కన మీరు ఉండాలి. సంతకం పెట్టే ముందు ఒప్పందం చదివి పెట్టండి, పన్ను లెక్క చూసి పెట్టండి. చివరి ఫొటోలో మీరు కనపడకపోవచ్చు. ఆ ఫొటో దాకా ఒక మనిషి చేరాలంటే, చేరాక నిలబడాలంటే మీరు కావాలి.

మీ మాట కింద రాయండి. జోహార్.