మేపుల్ వీథిలో చీకటి

అమెరికా టెలివిజనులో కల్పనా విజ్ఞాన నాటికల చరిత్ర తిరుగవేయు మనకు ముందుగా తారసపడునది ఒక హత్య. 1955లో మిసిసిపీ రాష్ట్రమున ఎమెట్ టిల్ అను 14 ఏండ్ల నల్లజాతి బాలుని చంపిరి. నిందితులను జూరీ విడిచిపుచ్చినది. రాడ్ సెర్లింగ్ అను రచయిత దీని నాధారము చేసికొని నాటకము వ్రాసెను. 1956లో అది ప్రసారమగునాటికి కథాస్థలము ఉత్తరాదికి మారినది, హతుడెవరో విదేశీయుడైనాడు. ప్రకటనలిచ్చువారికి దక్షిణాది ప్రేక్షకులు అలుగుదురను భయము!

సెర్లింగ్ తొలుత రేడియోకు వ్రాసినవాడే. ఈ మాట చెప్పుకొనుట మాకు గర్వము. సూటిగా అననీయని మాటను గ్రహాంతరవాసుల మిషతో అనవచ్చునని ఆయన గ్రహించెను. 1959 అక్టోబరు 2న 'ట్వైలైట్ జోన్' మొదలైనది. 1964 వరకు 156 నాటికలు. అందు 92 ఆయన రచనలే. ఏ వారపు కథ ఆ వారముతో సరి.

1960 మార్చి 4 నాటి 'మేపుల్ వీథి' నాటిక చూడుడు. వేసవి సాయంకాలము వీథిలో విద్యుత్తు పోవును. ఒకని కారు తనంతట తానే చప్పుడు చేయును. గ్రహాంతరవాసులు మనుష్యరూపమున మన నడుమనే యుందురని ఒక బాలుడు తాను చదివిన కథ చెప్పును. ఇక ఇరుగుపొరుగువారు ఒకరినొకరు శంకించుకొందురు. చీకటిలో నడచి వచ్చు పొరుగువానినే కాల్చి చంపుదురు. నిజమైన గ్రహాంతరవాసులు గుట్టపై నిలిచి చూచుచుందురు, అంతే.

వింత ఒక్కటి చాలును. తక్కినదంతయు తెలిసిన వీథియే కావలెను. పైవారమునకు పాత్రలు మిగులనక్కరలేదు గనుక, రచయితకు వారిపై దయ చూపవలసిన పనిలేదు. నిడివి మాటయు కలదు. 1963 జనవరిలో ఈ నాటికలను గంటకు పెంచిరి. ఒక్క వింతను అంతసేపు లాగగా పట్టు సడలినది. సెప్టెంబరునకు మరల అరగంటకే వచ్చిరి.