డిజైనర్ వస్త్రశ్రేణులు – కొనని చూపరి: ఒక సామీప్య చరిత్ర

వ్యాససంగ్రహం

ఫ్యాషన్ చరిత్ర ఎక్కువగా రూపకర్తల చరిత్రగా, కొంతవరకు ధరించినవారి చరిత్రగా వెలువడింది. కొనే స్తోమత లేకపోయినా ఆ వస్త్రాలను ప్రేమించి, వాటిని దగ్గరగా చూడాలని కోరుకున్న అభిమాని స్థానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అభిమానిని దూరంగా నిలిపింది ధర ఒక్కటే కాదు, నకలు భయం కూడా. ఆ భయం తీరిన తరువాతనే మ్యూజియం తలుపు తెరుచుకుందని, అప్పుడు లభించిన సామీప్యం వేరొక రకమైనదని ఈ వ్యాస ప్రతిపాదన.

కీలకపదాలు: వస్త్రచరిత్ర, డిజైనర్, చూపరి, నకలు, మ్యూజియం, కోరమాండల్ అద్దకం

ప్రవేశిక

ఛాయాచిత్రం వస్త్రపు ఆకృతిని చెబుతుంది, బరువును చెప్పదు. పట్టు మడత తనంతట తాను నిలిచిందో, లోపలి గుడ్డ ఆసరాతో నిలిచిందో ముద్రితపుటలో తెలియదు. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఎడం, కాజా చుట్టూ తిరిగిన దారం, అంచు మడతలో దాచిన అదనపు గుడ్డ – ఇవి మూరెడు దూరంలో నిలబడిన కంటికే దొరుకుతాయి. ఒక కావ్యాన్ని పరిష్కృత ముద్రణలో చదవడానికీ, తాళపత్రాన్ని చేతిలోకి తీసుకొని గంటపు గీత లోతును చూడడానికీ ఉన్న తేడా సాహిత్య పరిశోధకులకు కొత్తది కాదు. వస్త్రం విషయంలోనూ మూలప్రతి దర్శనానికి అంతే విలువ ఉంది. అయితే ఆ దర్శనం ఎవరికి, ఎప్పుడు, ఏ షరతుల మీద లభించిందన్నది విడిగా అడగవలసిన ప్రశ్న.

లోపలి వైపు సంతకం

చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ (1825–1895) లండన్ బట్టల దుకాణాల్లో పని నేర్చుకొని పారిస్ చేరాడు. 1858లో ఓటో బోబెర్గ్‌తో కలిసి ర్యూ ద లా పే వీధిలో సొంత సంస్థ తెరిచాడు. అంతకుముందు సంపన్న వనిత తానే గుడ్డ కొని, తనకు నచ్చిన తీరును కుట్టేవారికి పురమాయించేది. వర్త్ దగ్గర ఆమె రూపకర్త ముందే సిద్ధం చేసిన నమూనాలలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. ఆ నమూనాలను యువతులకు తొడిగి, నడిపించి చూపారు. సంస్థ పేరు నేసిన పట్టీని నడుము లోపలివైపు కుట్టారు. చిత్రకారుని సంతకం సాధారణంగా బొమ్మ ముఖం మీదనే ఉంటుంది. దుస్తుల రూపకర్త సంతకం మాత్రం ధరించినవారికీ, వారికి దుస్తులు తొడిగే పనికత్తెకూ తప్ప మరెవరికీ కనిపించని చోట ఉంది. వస్త్రాన్ని నిజంగా దగ్గరగా చూసింది ఆ పనికత్తె, కుట్టుగదిలోని శ్రామికురాలు అనడం అతిశయోక్తి కాదు. వారి చూపు గురించి చరిత్ర దాదాపు ఏమీ రాసుకోలేదు.

నకలు భయం

పారిస్ సంస్థలు ఋతువుకొకసారి కొత్త శ్రేణిని ప్రదర్శించే పద్ధతి స్థిరపడ్డాక, ప్రదర్శనగదిలోకి ఎవరిని రానివ్వాలన్నది వ్యాపార సమస్యగా మారింది. పరిచయమున్న ఖాతాదారులు, విదేశీ దుకాణాల కొనుగోలుదారులు, పత్రికలవారు – వీరికే ప్రవేశం. కాగితం, పెన్సిలు బయటికి తీసి బొమ్మ గీయడం నిషిద్ధం. నిషేధం ఉన్నచోట దాన్ని దాటే విద్య పుడుతుంది. అమెరికన్ రూపకర్త ఎలిజబెత్ హాజ్ 1925లో పారిస్ చేరి, నకలు దుస్తులు కుట్టే సంస్థలో పనిచేసింది. ప్రదర్శనలకు వెళ్లి, చూసినదాన్ని గుర్తుపెట్టుకొని బయటికి వచ్చాక బొమ్మలు గీసే వృత్తి అది. ఆ అనుభవాలను ఆమె 1938లో ‘ఫ్యాషన్ ఈజ్ స్పినాచ్’ అనే గ్రంథంలో దాపరికం లేకుండా వివరించింది. ఏకసంథాగ్రాహులను గౌరవించే సంప్రదాయం మనది. అదే శక్తి అక్కడ దొంగతనపు పనిముట్టు కావడం గమనించదగినది.

ఈ భయానికి మదలెన్ వియొనే (1876–1975) ఇచ్చిన సమాధానం వేరు. గుడ్డను నిలువుపోగు వెంట కాక ఏటవాలుగా కత్తిరించి, అది ఒంటికి నీటిలా అమరేలా చేసిన రూపకర్త ఈమె. జాకెట్టు కుట్టే మన దర్జీలు ‘క్రాస్ కటింగ్’ అనేది ఈ సూత్రాన్నే. నకళ్లను అడ్డుకోవడానికి ఆమె తన పేరు పట్టీ మీద బొటనవేలి ముద్ర వేసింది. ప్రతి దుస్తునూ అద్దాల ముందు ముందు, పక్క, వెనుక భాగాలు కనిపించేలా ఛాయాచిత్రం తీయించి ఆల్బములలో భద్రపరిచింది. 1952లో ఆ ఆల్బములు 75, దుస్తులు 122 ఫ్రెంచ్ వస్త్రకళా సంఘానికి దానం చేసింది. ఇవి ఇప్పుడు పారిస్ అలంకరణకళల మ్యూజియంలో ఉన్నాయి. దొంగను పట్టుకోవడానికి కూర్చిన సాక్ష్యం అలా పరిశోధకునికి ఆకరమైంది. ఈ చరిత్రలో నాకు అత్యంత ఆసక్తికరంగా తోచే మలుపు ఇదే.

క్రిస్తోబల్ బలెన్‌సియాగ ఇంకా కఠినంగా వ్యవహరించాడు. 1957 నుండి ఆయన, ఆయనను అనుసరించి జివాంషీ, కొనుగోలుదారులు చూసిన సుమారు నెలరోజుల తరువాత గాని పత్రికలవారికి తమ శ్రేణిని చూపలేదు. పాఠకుడైన అభిమానికి అందే ఛాయాచిత్రం కూడా అంత ఆలస్యమైంది.

1945: తీగ బొమ్మలు

ఈ కట్టడిని చరిత్ర ఒకసారి తలకిందులు చేసింది. జర్మన్ ఆక్రమణ నుండి విముక్తి పొందిన పారిస్‌లో గుడ్డ లేదు, బొగ్గు లేదు, విదేశీ ఖాతాదారులు లేరు. యుద్ధబాధితుల సహాయార్థం నిధి సేకరించడానికీ, తమ వృత్తి బతికే ఉందని లోకానికి చెప్పడానికీ వస్త్రరూపకర్తలు ‘తెయాత్ర్ ద లా మోద్’ అనే ప్రదర్శనను తలపెట్టారు. ఎలియాన్ బొనాబెల్ రూపకల్పన చేసిన సుమారు 70 సెంటీమీటర్ల ఎత్తున్న తీగ బొమ్మలకు ఆ ఋతువు దుస్తులను చిన్న కొలతలో కుట్టి తొడిగారు. క్రిస్తియాన్ బెరార్ కళాదర్శకత్వం వహించాడు. రంగస్థల దృశ్యాలు కూర్చినవారిలో జాఁ కాక్తో ఒకడు. 1945 మార్చిలో లూవ్ర్ భవన సముదాయంలోని అలంకరణకళల మ్యూజియంలో ఇది ప్రారంభమైంది. సుమారు లక్షమంది చూశారు.

ఆ బొమ్మల దుస్తులకు గుండీలు నిజంగా కాజాలో దూరతాయి. చేతిసంచులు తెరుచుకుంటాయి. పైకి కనిపించని లోదుస్తులు కూడా కుట్టారు. గుడ్డ కరువైనందువల్లనే కొలత చిన్నదైంది; కొలత చిన్నదైనందువల్లనే పనితనం మరింత నిశితమైంది. రొట్టె కోసం వరుసలో నిలబడే నగరవాసులు, జీవితంలో ఎన్నడూ ఏ డిజైనర్ ప్రదర్శనగదిలోనూ కాలుపెట్టని వారు, ఒక ఋతువు వస్త్రశ్రేణిని ఆ ఋతువులోనే దగ్గరగా చూశారు. ఈ ప్రదర్శనను తరచుగా ‘పారిస్ ఫ్యాషన్ పునరుజ్జీవనం’ అనే వ్యాపారకథలో భాగంగా చెబుతారు. చూపరి వైపు నుండి చూస్తే, పెద్ద రూపకర్తల తాజా పని సామాన్యునికి ఇంత దగ్గరకు వచ్చిన సందర్భంగా ఇది గమనించదగినది. ఐరోపా నగరాలలోను, 1946లో అమెరికాలోను తిరిగిన ఈ బొమ్మలు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక దుకాణపు నేలమాళిగలో మిగిలిపోయాయి. 1952లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మేరీహిల్ మ్యూజియం వాటిని స్వీకరించింది.

అద్దం, మసకవెలుతురు

అభిమానికి శాశ్వతంగా తలుపు తెరిచింది మ్యూజియమే. 1971లో లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఛాయాగ్రాహకుడు సెసిల్ బీటన్ తన పరిచయస్థుల బీరువాల నుండి సేకరించిన దుస్తులతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేశాడు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో డయానా వ్రీలండ్ 1983లో ఈవ్ సాఁ లొరాఁ దుస్తులను ప్రదర్శించింది. జీవించి ఉన్న, ఇంకా అమ్ముతున్న ఒక రూపకర్తకు అంతటి గౌరవం ఏమిటన్న ప్రశ్న అప్పుడే లేచింది. డెబొరా సిల్వర్‌మన్ 1986లో ‘సెల్లింగ్ కల్చర్’ గ్రంథంలో వ్రీలండ్ ప్రదర్శనలను దుకాణ సంస్కృతికీ సంపన్నవర్గ రాజకీయాలకూ ముడిపెట్టి తీవ్రంగా విమర్శించింది. ఆ విమర్శ నిరాధారం కాదు. అయితే టిక్కెట్టు కొని వచ్చి ఒక చేతికుట్టు ముందు పావుగంట నిలబడిన విద్యార్థిని ఆ విమర్శలో ఎక్కడా కనిపించదు. 2011లో మెట్రోపాలిటన్‌లో అలెగ్జాండర్ మెక్‌క్వీన్ ప్రదర్శనను 6,61,509 మంది చూశారు. 2015లో అదే ప్రదర్శన లండన్‌కు వచ్చినప్పుడు చివరి రెండు వారాంతాలలో రాత్రంతా తలుపులు తెరిచి ఉంచవలసి వచ్చింది. వారందరినీ వ్యాపారపు వలలో పడిన అమాయకులుగా లెక్కించడం చరిత్రకారునికి తగదు.

అలాగని ఈ సామీప్యం సంపూర్ణమూ కాదు. వస్త్రాలకు వెలుతురు సుమారు 50 లక్సులకు మించకూడదన్న నియమం వల్ల గది మసకగా ఉంటుంది. మధ్యలో అద్దం. దుస్తుల లోపల కదలని బొమ్మ. నడిచినప్పుడు గుడ్డ ఏం చేస్తుందో తెలియదు. కదలిక చూడాలంటే వేదిక ప్రదర్శనకు వెళ్లాలి. 1984లో పారిస్‌లోని జెనిత్ మందిరంలో తియెరీ మ్యూగ్లేర్ ప్రజలకు టిక్కెట్లు అమ్మి తన శ్రేణిని చూపాడు. అక్కడ కదలిక దక్కింది. వేలమంది మధ్య కుట్టు మాత్రం కనబడలేదు.

2025 మే 31న తెరుచుకున్న విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వారి ఈస్ట్ స్టోర్‌హౌస్ ఈ స్థితిని కొంత మార్చింది. అక్కడ నిల్వ ఉన్న వస్తువులలో తాము కోరినవాటిని ముందుగా ఎంచుకొని, సిబ్బంది సమక్షంలో దగ్గరగా చూసే అవకాశం ఎవరికైనా ఉచితం. పరిశోధక పత్రం అడగరు. ప్రారంభపు వారాలలో ఎక్కువమంది కోరినది 1954 నాటి గులాబీరంగు పట్టు టఫెటా గౌను. రూపకర్త బలెన్‌సియాగ.

దగ్గరగా చూసినప్పుడు కనిపించే రెండో చేయి

ఈ చరిత్ర మనకు పరాయిది కాదని చెప్పడానికి హైదరాబాదు పురానీ హవేలీలో ఆరవ నిజాం మహబూబ్ అలీ పాషా చెక్క బీరువాల వరుస ఒక్కటే చాలదు. అక్కడ చూపరికి జ్ఞాపకముండేది ధరించిన ప్రభువు పేరు; కుట్టినవారి పేరు కాదు. అంతకన్నా బలమైన బంధం ఐరోపా మ్యూజియములలోనే ఉంది. 18వ శతాబ్ది నాటి అద్దకపు నూలు గౌన్లు, పురుషుల నిలువుటంగీలు, డచ్చి స్త్రీల పైచొక్కాలు పలుచోట్ల ప్రదర్శనలో ఉన్నాయి. ఫ్రాన్సు 1686 నుండి 1759 దాకా ఇటువంటి బట్టలను నిషేధించింది. ఇంగ్లండు కూడా 1700, 1720 నాటి చట్టాలతో వాటిని అడ్డుకుంది. అంటే అక్కడి నేతవారి భయానికి కారణమైన వస్త్రం ఇది. దాని పక్కన ఉండే చీటీలో సాధారణంగా ‘కోరమాండల్ తీరం’ అని మాత్రమే ఉంటుంది. మచిలీపట్నం నుండి నాగపట్నం దాకా ఉన్న ఊళ్లన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. చిరివేరుతో ఎరుపు తేల్చినవారి పేరు, కలం పట్టినవారి పేరు చీటీలో లేవు.

కాని దుస్తులకు దగ్గరగా వెళితే రెండు చేతులు విడివిడిగా కనిపిస్తాయి. తీగ ఒక ఒంపుతో సాగుతుంది. ఐరోపా దర్జీ కత్తెర ఆ ఒంపును లెక్కచేయక నడుము దగ్గర తెగ్గోస్తుంది. సగం పువ్వు చేతికింది అతుకులోకి పోతుంది, మిగతా సగం వీపు మీద మరో పువ్వు పక్కన తేలుతుంది. కలం గీత సన్నబడినచోట అద్దకందారు చేయి ఆగిన జాడ ఉంటుంది. దాని మీదుగా దారం నడిచిన రంధ్రాలు ఉంటాయి. ఏ గీత ఏ పనివాడలదో తేల్చడానికి కలంకారీ పనివారి వాడుకపదాలు, ప్రక్రియల క్రమం తెలిసిన తెలుగు పరిశోధకులు ఆ బల్ల ముందు కూర్చోవాలి.