నర్సింగు విద్యార్థులకు మత్తుమందుల పరీక్ష – పూర్వాపరాలు



మన ఆటోనగర్, గాజువాక ప్రాంతాల్లో స్థిరపడిన రిటైర్డు ఉద్యోగుల ఇళ్ల నుంచి మనుమరాళ్లు నర్సింగు చదువుకని విదేశాలకు వెళ్లడం ఇప్పుడు వింత కాదు. అమెరికాలో వార్డు శిక్షణకు పంపేముందు చాలా కళాశాలలు మూత్రపరీక్ష చేయించుకు రమ్మంటాయి. "మా పిల్లనే అనుమానిస్తారా?" అని నొచ్చుకునే పెద్దలున్నారు. ఈ నిబంధన చరిత్ర తెలిస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది.

దీనికి మూలం ఆసుపత్రి కాదు, యుద్ధం. వియత్నాంలో సైనికులు హెరాయిన్‌కు అలవాటు పడుతున్నారని తెలిసి, 1971లో నిక్సన్ ప్రభుత్వం తిరుగుప్రయాణానికి ముందే వారికి మూత్రపరీక్షలు మొదలుపెట్టింది. 1986 సెప్టెంబరు 15న అధ్యక్షుడు రీగన్ ఉత్తర్వుతో అది కీలక బాధ్యతల్లో ఉన్న కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వచ్చింది. 1988లో ప్రయోగశాలలకు మార్గదర్శకాలు వెలువడ్డాయి. క్రమేణా ఆసుపత్రులు తమ సిబ్బందికీ, కళాశాలలతో ఒప్పందం ద్వారా శిక్షణకు వచ్చే విద్యార్థులకూ ఇదే షరతు పెట్టసాగాయి.

కారణం లేకపోలేదు. మార్ఫిన్, పెథిడిన్ ఉండే అల్మరా తాళాలు నర్సుల చేతుల్లోనే ఉంటాయి. రిజిస్టరు నిల్వకూ అల్మరా నిల్వకూ తేడా వస్తే సంజాయిషీ తప్పదు. ట్రెజరీలో స్టాంపుల నిల్వ చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మన దేశంలో 1947 నాటి చట్టంతో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ఏర్పడింది. మాదకద్రవ్యాల చట్టం 1985లో వచ్చింది. పరీక్ష అనగానే ఆటోనగర్ వారికి గుర్తొచ్చేది లారీ డ్రైవర్ల శ్వాసపరీక్ష. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే నేరం. స్టీరింగు పట్టినవారికున్న కట్టుబాటు సూది పట్టినవారికీ ఉండటం న్యాయమే. అయితే ఒక తేడా ఉంది. శ్వాసపరీక్ష అప్పటి మత్తును పట్టిస్తుంది. మూత్రపరీక్ష గడిచిన రోజుల్లో ఒంట్లోకి పోయినదాన్ని చూపుతుందే గాని, మనిషి మత్తులో ఉన్నదీ లేనిదీ చెప్పదు.

ఇక్కడే మన వంటింటి ప్రసక్తి వస్తుంది. గసగసాలు నల్లమందు మొక్క గింజలే. వాటికి అంటుకున్న మార్ఫిన్ పరీక్షలో బయటపడుతుంది. అందుకే 1998లో అమెరికా ప్రభుత్వం తన పరీక్షల పరిమితిని మిల్లీలీటరుకు 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. ప్రైవేటు పరీక్షల్లో పాత పరిమితి వాడేవారు ఇంకా ఉన్నారు. 2023లో అక్కడి రక్షణశాఖ గసగసాలు తినవద్దని సైనికులకే సలహా ఇచ్చింది. గల్ఫులో యు.ఏ.ఇ. వంటి చోట్ల వాటిని తీసుకుపోవడమే నేరం.

మొదటి పరీక్షలో తేడా వస్తే, మరింత కచ్చితమైన రెండో పరీక్ష చేస్తారు. కాని గసగసాల మార్ఫిన్ కూడా అసలు మార్ఫినే గనుక అందులోనూ కనిపిస్తుంది. పద్ధతిగా నడిచే చోట్ల ఒక వైద్యుడు ఫోన్ చేసి, ఏ మందులు వాడారని అడుగుతాడు. ఆ ఫోన్‌కు జవాబివ్వకపోవడం మెమోకు సమాధానమివ్వకపోవడం లాంటిదే. కోడీన్ కలిసిన దగ్గుమందు వాడితే డాక్టరు చీటీ చూపాలి.

కావున పరీక్షకు ముందు కొన్నిరోజులు గసగసాల కూరలూ పాయసమూ మానమని పిల్లలకు చెప్పండి. వారి పెట్టెల్లో పచ్చళ్లూ పొడులూ సర్దేటప్పుడు మందుల చీటీలు కూడా మరువకుండా సర్దవలసిందిగా మనవి.